చప్పట్లకు ముందరి పన్నెండేళ్ళు

గత వానకాలం పంట కోతలప్పుడు మా ఊరి క్రీడా ప్రాంగణంలో వడ్లు ఆరబోశారు. 2022లో తెలంగాణ ప్రభుత్వం ఊరూరా ఈ ప్రాంగణాలు ఏర్పాటు చేసినప్పుడు పాతిన బోర్డు ఇప్పటికీ అక్కడే వుంది. ఆ బోర్డుకు ఆనించే గన్నీ సంచులు పేర్చారు. వాలీబాల్ స్తంభాలకు తాడు కట్టి టార్పాలిన్లు ఆరేశారు. ఇదంతా చెప్పి ఎవరి మీదనో నేరం మోపడం నా ఉద్దేశం కాదు. ఆ కుప్పల్లో ఒక కుప్ప మాదే.

వెనుకటి రోజుల్లో పొలం పక్కనే నేల చదును చేసి, పేడతో అలికి, కళ్ళం చేసుకునేవారు. కోత మిషన్లు వచ్చాక ఆ పని పోయింది. పచ్చి వడ్లు ఒక్కసారే వచ్చి పడుతున్నాయి. తేమ తగ్గనిదే కొనుగోలు కేంద్రంలో తూకం వేయరు. ఖాళీ జాగా ఎక్కడ కనపడితే రైతు అక్కడే పోస్తాడు. రైతు బాధ రైతుది. కాని ఆ నెలన్నర రోజులూ సాయంకాలం అక్కడ ఆడుకునే ఆడపిల్లలు ఆరుగురు ఆట మానుకున్నారు. తూకాలు అయిపోయి, లారీలు వెళ్ళిపోయి, నేల ఖాళీ అయిన తర్వాత ఇద్దరే తిరిగి వచ్చారు. మిగతా నలుగురు ఏమయ్యారని ఊళ్లో ఎవరూ అడగలేదు.

ఆ నలుగురిలో ఒక పిల్ల సంగతి చివర చెబుతాను. ముందు మనందరికీ తెలిసిన మరొక ఆడపిల్ల చిన్నతనం గురించి చెప్పవలసి వుంది. ఆమె సానియా మీర్జా.

సానియా పేరు తెలియని ఇల్లు మన నల్లగొండ జిల్లాలో వుండదు. డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్ కలిపి ఆమె 6 గ్రాండ్‌స్లామ్ టైటిళ్ళు గెలిచింది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచ నెంబర్ వన్ అయింది. 2023లో ఆట విరమించింది. ఇవన్నీ మనకు తెలుసు. కాని మనకు తెలిసినదంతా ఆమె గెలిచిన తరువాతి కథ. గెలవక ముందు ఆమెకు ఎవరు ఏం చేశారు, ఎన్నేళ్ళు చేశారు అన్నది మనం ఆలోచించము. మన పిల్లలకు పనికివచ్చే పాఠం మాత్రం అక్కడే వున్నదని నా అభిప్రాయం.

పేడ అలికిన నేల

సానియా 1986 నవంబరు 15న బొంబాయిలో పుట్టింది. తల్లిదండ్రులు ఇమ్రాన్ మీర్జా, నసీమా హైదరాబాద్ వారు. ఆమె పసితనంలోనే వారు హైదరాబాద్ వచ్చేశారు. ఆరో ఏట ఆ పిల్ల చేతికి రాకెట్ వచ్చింది. నిజాం క్లబ్బులో ఆట మొదలైంది. మొదట్లో శిక్షకుడు, ఇంత చిన్న పిల్లకు నేర్పడమేమిటని ఒప్పుకోలేదట. ఒప్పుకున్న కొద్దివారాలకే తల్లిదండ్రులను పిలిపించి, ఈ వయసులో ఇలా ఆడే పిల్లను తాను చూడలేదని చెప్పాడట. ఈ సంగతి ఆమే పలుమార్లు చెప్పుకున్నది.

ఆమె చెప్పుకున్న ఇంకొక సంగతి మన పల్లెటూరి వాళ్ళం శ్రద్ధగా వినవలసినది. తాను ఆట నేర్చుకున్న తొలి రోజుల్లోని కోర్టులు పేడతో అలికినవని ఆమె ఎన్నోసార్లు అన్నది. టెన్నిస్ అంటే మనకు టీవీలో కనపడే పచ్చని గడ్డి, నీలం రంగు కోర్టులే గుర్తుకు వస్తాయి. కాని వింబుల్డన్ దాకా వెళ్ళిన హైదరాబాద్ పిల్ల మొదట పరుగెత్తింది మన అమ్మలూ అమ్మమ్మలూ అలికిన కళ్ళం వంటి నేల మీదనే. మట్టి చదును చేసి పేడనీళ్ళతో అలికితే దుమ్ము లేవదు, నేల బిగుస్తుంది. ఈ విద్య మనకు ఎవరూ నేర్పనక్కర లేదు. కనుక మన దగ్గర నేల లేదు, కోర్టు లేదు అనడం సగమే నిజం. నేల వున్నది. ఆ నేలను పిల్లల కోసం ఖాళీగా వుంచాలన్న మనసే తక్కువ.

హైదరాబాద్‌కు టెన్నిస్ కొత్త కాదన్న మాట కూడా గుర్తుంచుకోవాలి. సానియాకు ఎంతో ముందే, 1924లో పారిస్ ఒలింపిక్స్‌లో హైదరాబాద్ వాడైన సయ్యద్ మహమ్మద్ హాదీ టెన్నిస్ ఆడాడు. ఆ ఊళ్లో క్లబ్బులు వున్నాయి, కోర్టులు వున్నాయి, ఆట తెలిసిన పెద్దలు వున్నారు. సానియాకు మొదటి రోజుల్లో శిక్షణ ఇచ్చిన వారిలో మహేశ్ భూపతి తండ్రి కృష్ణ భూపతి ఒకరు. తరువాత తండ్రి ఇమ్రాన్ మీర్జాయే శిక్షకుడై ఆమె వెంట నడిచాడు. కాస్త పేరు రాకముందే జి.వి.కె. సంస్థ వారు ఖర్చులకు తోడు నిలిచారు. పిల్లలో సత్తా వున్నమాట నిజమే. ఆ సత్తాకు చుట్టూ దడి కట్టి, నీళ్ళు పోసిన చేతులు ఎన్నో వున్నాయి. మొక్క మంచిదే. కాని దడి లేని మొక్కను మేకలు మేస్తాయి.

మెట్టు మెట్టుకూ ఖర్చే

టెన్నిస్‌లో పైకి రావడం ఎట్లాగో మన వాళ్ళలో చాలామందికి తెలియదు. కబడ్డీలోనో, ఖోఖోలోనో అయితే మండల జట్టు, జిల్లా జట్టు, రాష్ట్ర జట్టు అని ఒక వరుస వుంటుంది. టెన్నిస్‌లో ప్రతి పిల్లా ఒంటరిగా ఊరూరూ, దేశదేశమూ తిరిగి పోటీల్లో పాయింట్లు కూడబెట్టుకోవాలి. పాయింట్లు వుంటే ర్యాంకు. ర్యాంకు వుంటే పెద్ద పోటీలో ప్రవేశం. ర్యాంకు లేకపోతే ముందు అర్హత పోటీలు ఆడి నెగ్గాలి. ఎంత ప్రతిభ వున్నా పోటీకి వెళ్ళనిదే పాయింటు రాదు. వెళ్ళాలంటే రైలు, విమానం, బస, తోడు వచ్చే పెద్దమనిషి. మొదటి రౌండులోనే ఓడితే పెట్టిన ఖర్చుకు దక్కేది ఏమీ వుండదు. ఎన్నో ఇళ్ళల్లో ఆట ఆగేది ఇక్కడే.

సానియా ఈ మెట్లన్నీ ఎక్కింది. 2002లో బుసాన్ ఆసియా క్రీడల్లో లియాండర్ పేస్‌తో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ కాంస్యం గెలిచేనాటికి ఆమెకు పదహారేళ్ళు కూడా నిండలేదు. 2003 జులైలో రష్యా అమ్మాయి అలీసా క్లెబనోవాతో జతకట్టి వింబుల్డన్ బాలికల డబుల్స్ టైటిల్ గెలిచింది. అదే ఏడు హైదరాబాద్‌లో జరిగిన ఆఫ్రో ఆసియా క్రీడల్లో నాలుగు స్వర్ణాలు గెలిచింది.

ఆ వింబుల్డన్ వార్త వచ్చిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడు నేను మండల కేంద్రంలో ఇంటర్ చదువుతున్నాను. మధ్యాహ్నం గ్రంథాలయంలో పేపరు తిరగేస్తుంటే ఆమె ఫోటో కనపడింది. ఆమెదీ నాదీ ఒకే ఈడు. మా క్లాసులో వున్న ఆడపిల్లలు పన్నెండు మందే. వారిలో ఒక్కతె కూడా ఆటల పీరియడ్‌లో బయటికి వచ్చేది కాదు. అది వింతగా నాకు ఆ రోజు తోచలేదు. ఇన్నేళ్ళకు తోస్తున్నది.

ఓడినా పిలిచారు

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఇప్పుడు వస్తున్నది. 2003లో హైదరాబాద్‌లో, లాల్‌బహదూర్ స్టేడియం దగ్గరి కోర్టుల్లో, ఎ.పి. టూరిజం హైదరాబాద్ ఓపెన్ అనే మహిళల అంతర్జాతీయ పోటీ మొదలైంది. పదహారేళ్ళ సానియాకు అందులో ఆడడానికి చాలినంత ర్యాంకు లేదు. నిర్వాహకులు ఆమెకు వైల్డ్ కార్డు ఇచ్చారు. వైల్డ్ కార్డు అంటే, ర్యాంకు చాలకున్నా ఫలానావారు ఆడదగినవారని నమ్మి నిర్వాహకులు ఇచ్చే ప్రవేశం. ఆ ఏడు ఆమె మొదటి రౌండులోనే ఓడిపోయింది.

మన ఊళ్లో అయితే ఏమనేవాళ్ళం? ‘ఇచ్చిన అవకాశం పాడుచేసింది, ఇక చాలు’ అనేవాళ్ళం. అక్కడ అట్లా అనలేదు. 2004లో మళ్ళీ వైల్డ్ కార్డు ఇచ్చారు. ఆ ఏడు కూడా సింగిల్స్‌లో మొదటి రౌండులోనే, ఆస్ట్రేలియాకు చెందిన నికోల్ ప్రాట్ చేతిలో ఓడింది. కాని అదే పోటీలో లీజెల్ హ్యూబర్‌తో కలిసి డబుల్స్ టైటిల్ గెలిచింది. మహిళల అంతర్జాతీయ పోటీల్లో ఆమెకు అది తొలి టైటిల్.

2005 జనవరిలో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియన్ ఓపెన్ ఆడింది. అక్కడ కూడా వైల్డ్ కార్డుతోనే ప్రవేశం. రెండు రౌండ్లు గెలిచి మూడో రౌండుకు చేరింది. గ్రాండ్‌స్లామ్ సింగిల్స్‌లో మూడో రౌండుకు చేరిన తొలి భారత మహిళ ఆమె. అక్కడ సెరెనా విలియమ్స్ చేతిలో 6-1, 6-4తో ఓడింది. ఆ ఏడు ఆ టైటిల్ సెరెనాదే. రెండో సెట్‌లో నాలుగు గేములు తీసుకున్న పద్దెనిమిదేళ్ళ పిల్లను చూసి దేశమంతా లేచి కూర్చున్నది.

మరుసటి నెలలో హైదరాబాద్ ఓపెన్ మూడోసారి జరిగింది. ఫిబ్రవరి 12న జరిగిన ఫైనల్లో ఉక్రెయిన్ అమ్మాయి అలోనా బొండారెంకోను 6-4, 5-7, 6-3తో ఓడించి సానియా సింగిల్స్ టైటిల్ గెలిచింది. ఆ స్థాయి అంతర్జాతీయ సింగిల్స్ టైటిల్ గెలిచిన తొలి భారత మహిళ ఆమే. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈ పిల్ల విషయంలో అది తిరగబడింది. రెండేళ్ళు ఇంట ఓడి, రచ్చలో పేరు తెచ్చుకుని, మూడో ఏట ఇంట గెలిచింది.

ఆరో ఏట రాకెట్ పట్టిన పిల్ల పద్దెనిమిదో ఏట సొంత ఊళ్లో టైటిల్ గెలిచింది. మధ్యన గడిచినవి పన్నెండేళ్ళు. ఆ పన్నెండేళ్ళలో ఓడిన రోజులే ఎక్కువ వుండి వుంటాయి. ఓడిన మరుసటి ఏడు మళ్ళీ పిలిచినవారు లేకపోతే 2005 ఫిబ్రవరి 12 వచ్చేది కాదు. ఆనాడు మేమంతా హోటల్లో పేపరు ముందేసుకుని ‘మన పిల్ల గెలిచింది’ అని సంబరపడ్డాం. 2003లో ఓడినప్పుడు ‘మన పిల్ల ఓడింది’ అని ఎవరమూ అనుకోలేదు. ఓడినప్పుడు ఆమె ఇమ్రాన్ మీర్జా కూతురు. గెలిచాక మనందరి పిల్ల.

ఆ ఏడు అక్కడితో ఆగలేదు. మార్చిలో దుబాయిలో అప్పటి అమెరికన్ ఓపెన్ విజేత స్వెత్లానా కుజ్నెత్సోవాను 6-4, 6-2తో ఓడించింది. సెప్టెంబరులో అమెరికన్ ఓపెన్‌లో నాలుగో రౌండుకు చేరి మరియా షరపోవా చేతిలో ఓడింది. ఆ సంవత్సరపు ఉత్తమ కొత్త క్రీడాకారిణిగా మహిళల టెన్నిస్ సంఘం ఆమెను ఎంపిక చేసింది. 2006లో పద్మశ్రీ వచ్చింది. 2007 ఆగస్టులో సింగిల్స్‌లో 27వ ర్యాంకుకు చేరింది. 2014లో తెలంగాణ ప్రభుత్వం ఆమెను రాష్ట్ర ప్రచారకర్తగా నియమించి కోటి రూపాయలు ఇచ్చింది. ఇవ్వవద్దని నేను అనను. గెలిచిన వారిని గౌరవించవలసిందే. కాని కోటి రూపాయలు అందిననాటికి ఆమెకు వాటితో తీరవలసిన అవసరం లేదు. అంతకంటె ఎంతో చిన్న మొత్తం, ఎందరో పిల్లలకు, పన్నెండో ఏట అవసరపడుతుంది.

ఇంకొక మాట. సానియాను మూడేళ్ళు ఓపికగా పిలిచిన ఆ హైదరాబాద్ ఓపెన్ ఏమైంది? 2006 నుంచి ఆ పోటీ బెంగుళూరుకు తరలిపోయింది. గెలిచిన పిల్ల మనకు మిగిలింది. గెలిపించిన మెట్టు మాత్రం మన ఊరు దాటిపోయింది. ఆ సంగతి పెద్ద వార్త కాలేదు.

ఆట చూడని కళ్ళు

2005లోనే, ఆమె ఆట అంత ఎత్తున వున్నప్పుడు, ఆమె వేసుకునే దుస్తుల మీద కొందరు మతపెద్దలు అభ్యంతరం చెప్పారు. దేశమంతా చాలా రోజులు దాని గురించే మాట్లాడుకున్నది. ఆమె ఫోర్‌హ్యాండ్ ఎంత వేగంగా వెళుతుందో చెప్పగలిగిన వారికంటె ఆమె స్కర్టు ఎంత పొడవుండాలో చెప్పేవారే ఎక్కువయ్యారు. పద్దెనిమిదేళ్ళ పిల్ల ఆటతో పాటు ఆ భారం కూడా మోసింది, మోస్తూనే గెలిచింది.

అది ఎవరో ఒక మతం వారి పొరపాటని చెప్పి మనం చేతులు దులుపుకోవడానికి లేదు. మా ఊళ్లో ఏ మతపెద్దా ఏ ఆజ్ఞా ఇవ్వలేదు. అయినా ఎనిమిదో తరగతి దాటిన పిల్ల ట్రాక్ ప్యాంటు వేసుకుని ప్రాంగణానికి వస్తే అరుగు మీద కూర్చున్న వారి మాటలు ఆగిపోతాయి. ఆ మాటలు ఆగడమే పెద్ద మాట. ఆ పిల్ల తల్లికి అది సాయంత్రానికి చేరుతుంది. మరునాడు పిల్ల రాదు. మగపిల్లవాడు నిక్కరు మీద ఊరంతా తిరిగినా ఎవరికీ కనపడదు.

ధనవంతుల ఆట కదా

నేను ఈ మాటలు చెబితే మా మిత్రులు కొందరు ఒక ప్రశ్న వేస్తారు. టెన్నిస్ ధనవంతుల ఆట, పట్నపు ఆట, దాని గురించి పల్లెటూళ్ళకు చెప్పి ఏం లాభం అని. వారి ప్రశ్నలో న్యాయం వుంది. సానియా నిరుపేద ఇంటి పిల్ల కాదు. ఆమెకు క్లబ్బు వున్నది, చదువుకున్న తల్లిదండ్రులు వున్నారు, పట్నం వున్నది. ఆమె తరువాత భారత జట్టుకు ఆడిన శ్రీవల్లి రష్మిక భమిడిపాటి, సహజ యమలపల్లి కూడా హైదరాబాద్ అమ్మాయిలే. కృష్ణా జిల్లా ఉయ్యూరులో పుట్టిన సాకేత్ మైనేని 2014లో ఇంచియాన్ ఆసియా క్రీడల్లో సానియాతో కలిసి మిక్స్‌డ్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అతడు ఆట నేర్చినది కూడా విశాఖపట్నంలో. విత్తనం ఎక్కడ పుట్టినా పట్నం చేరితేనే మొలుస్తున్నది.

కనుక ప్రతి ఊరికీ టెన్నిస్ కోర్టు కట్టించమని నేను అడగడం లేదు. అడిగినా అయ్యే పని కాదు. మా మండలంలో టెన్నిస్ కోర్టు అన్నది నేను కంటితో చూడలేదు. నేను అడుగుతున్నది వేరు. సానియాకు దొరికిన వాటిలో డబ్బుతో కొనవలసినవి కొన్ని. డబ్బు లేకపోయినా ఇవ్వగలిగినవి కొన్ని. ఖాళీగా వుంచిన నేల, ఆడవద్దనని ఇల్లు, ఓడినా మళ్ళీ పంపే ఓపిక. ఈ మూడింటికీ క్లబ్బు సభ్యత్వం అక్కరలేదు. ఈ మూడూ మన చేతుల్లో వున్నవే. మనం ఇవ్వనివీ ఇవే.

బాడ్మింటన్ సంగతే చూడండి. పుల్లెల గోపీచంద్ 2001లో ఆల్ ఇంగ్లండ్ గెలిచి, తరువాత గచ్చిబౌలిలో అకాడమీ పెట్టాడు. అక్కడి నుంచి సైనా నెహ్వాల్, పి.వి. సింధు, కిదాంబి శ్రీకాంత్ ఒకరి వెంట ఒకరు వచ్చారు. ఒక పిల్ల గెలవడం అదృష్టం కావచ్చు. వరుసగా గెలవడానికి మాత్రం ఒక చోటు కావాలి, ఓపిక కలిగిన మనుషులు కావాలి.

మా ఊరి పిల్ల

ఇక ముందు చెప్పిన పిల్ల సంగతి. తొమ్మిదో తరగతి చదువుతున్నది. ఆమె ఆట టెన్నిస్ కాదు, టెన్నికాయిట్. మా వైపు రింగు ఆట అంటారు. మధ్యన వల కట్టి రబ్బరు రింగును ఇటునుంచి అటు విసరడం, అవతలి వారు నేల తాకకుండా పట్టి తిప్పి విసరడం. జిల్లా పరిషత్ బడుల్లో ఆడపిల్లలకు ఈ ఆట బాగా అలవాటు. ఖర్చు లేదు. రింగు ఒక్కటి, వల ఒక్కటి వుంటే చాలు. చూడడానికి సులువుగా వుంటుంది కాని, ఆ పిల్ల ఆడుతుంటే చూస్తే కాళ్ళు ఎంత చురుకుగా కదలాలో తెలుస్తుంది.

మొన్నటి దసరాకు ముందు పాఠశాలల పోటీల్లో ఈ పిల్ల మండలంలో గెలిచి జోనల్ పోటీలకు ఎంపికైంది. ఆ వార్త నేనే రాసి పంపాను. నాలుగు వాక్యాలు అచ్చయ్యాయి. ఆ పేపరు ముక్కను బడి నోటీసు బోర్డుకు అంటించారు. జోనల్ పోటీల్లో మొదటి ఆటలోనే ఓడింది. ఆ వార్త నేను రాయలేదు. ఓడిన వార్త ఎవరు వేస్తారని అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే, మా ఊళ్లో ఆ పిల్లను మొదట మరచినవాడిని నేనే.

ప్రాంగణంలో వడ్ల కుప్పలు తీసి నెల దాటినా పిల్ల కనపడకపోయేసరికి ఒక సాయంత్రం వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి లారీల మీద హమాలీ. ఆ రోజు ఇంట్లో లేడు. తల్లి వాకిట్లో కూర్చుని వుంది.

‘పిల్ల ఆటకు వస్తలేదేంది అక్కా?’ అని అడిగాను.

‘ఏం ఆట తమ్మీ. పోయిన మొదటి ఆటకే ఓడొచ్చె. ఆటో కిరాయి పెట్టుకుంటిమి, బూట్లు కొంటిమి. ఇగ వచ్చేటేడు పదో తరగతి. ఊళ్లె ఒక్కొక్కరు ఒక్కొక్క మాట అంటున్నరు. సాలు ఇగ’ అన్నది.

ఆమె కోపంతో అనలేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. ఆ లెక్కలో తప్పు పట్టడానికి నాకు నోరు రాలేదు. హమాలీ కూలీలో నుంచి బూట్లు కొనడం మాటలు కాదు. పిల్ల లోపల గడప దగ్గర నిలబడి వింటున్నది. నేను లేచి వస్తుంటే మెల్లగా అడిగింది. ‘సార్, ఓడినోళ్ళను మళ్ళ తీస్కుంటరా?’

నేను అప్పుడు ఆమెకు సానియా సంగతి చెప్పాను. రెండేళ్ళు అదే కోర్టులో మొదటి రౌండులోనే ఓడిందనీ, అయినా మళ్ళీ పిలిచారనీ, మూడో ఏట గెలిచిందనీ. పిల్ల నమ్మినట్టే వుంది. తల్లి మాత్రం, ‘ఆమెను పిలిచిండ్రు తమ్మీ, మా పిల్లను ఎవరు పిలుస్తరు?’ అన్నది. ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేక ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మనం చేయగలిగినది

పెద్ద పనులు ప్రభుత్వం చేయాలి. వ్యాయామ ఉపాధ్యాయులు లేని బడులకు వారిని ఇవ్వాలి. పోటీలకు వెళ్ళే పిల్లల ప్రయాణపు ఖర్చు ముందుగా చేతికి అందాలి. హైదరాబాద్‌లో ఆగిపోయిన అంతర్జాతీయ పోటీల వంటివి తిరిగి జరగాలి. జిల్లా కేంద్రాల్లోని కోర్టులు సాయంత్రం ఒక గంట అయినా బడి పిల్లలకు తెరవాలి. ఇవన్నీ సంబంధిత అధికారులు ఆలోచించవలసినవి.

కాని ఎవరి ఉత్తర్వూ లేకుండా ఊరు చేయగలిగినవి కూడా వున్నాయి. కోతల కాలంలో ప్రాంగణంలో సగం వడ్లకు, సగం పిల్లలకు అని సున్నంతో గీత గీయవచ్చు. గ్రామ పంచాయతీ వారు ఒక తీర్మానం చేస్తే చాలు. ఈ యాసంగికి మా కుప్ప ఆ గీతకు అవతల పోయనని నేను ఇక్కడ రాతపూర్వకంగా మాట ఇస్తున్నాను. ఊళ్లో యువజన సంఘాలు వినాయక చవితికి, బతుకమ్మకు చందాలు వసూలు చేస్తాయి. అందులో కొద్దిపాటి సొమ్ము పక్కన పెడితే నలుగురు పిల్లల ఆటో కిరాయి వెళుతుంది. సర్పంచులు గెలిచిన పిల్లకు శాలువా కప్పడం మంచిదే. ఓడివచ్చిన పిల్ల ఇంటికి వెళ్ళి ‘వచ్చేటేడు మళ్ళీ పంపుదాం’ అని తల్లిదండ్రులకు చెప్పడం అంతకంటె మంచిది. దానికి శాలువా ఖర్చు కూడా లేదు.

పదో తరగతి అనగానే ఆట మాన్పించే ఇళ్ళకు కూడా ఒక మనవి. సానియా ఆటతో పాటు హైదరాబాద్‌లో బడికీ, కాలేజీకీ వెళ్ళింది. రోజుకు ఒక గంట ఆట వల్ల చదువు పాడైన పిల్లను నేను చూడలేదు. ఆట మాన్పించినంత మాత్రాన మొదటి ర్యాంకు వచ్చిన పిల్లనూ చూడలేదు.

మా వంటి విలేఖరులకు కూడా ఒక మాట చెప్పుకోవాలి. గెలిస్తే వార్త, ఓడితే వార్త కాదు అన్న అలవాటు మాకు వున్నది. మండలంలో ఎంపికైన పిల్ల పేరు రాసినట్టే, జోనల్‌లో ఓడిన పిల్ల మళ్ళీ సాధన మొదలుపెట్టిందన్న సంగతి కూడా రెండు వాక్యాలు రాయవచ్చు. ఆ రెండు వాక్యాలు చూసి ఒక తల్లి మనసు మార్చుకోవచ్చు.

2023 మార్చి 5న సానియా తన చివరి ప్రదర్శన ఆటలు హైదరాబాద్‌లో, తాను పెరిగిన ఆ లాల్‌బహదూర్ టెన్నిస్ స్టేడియంలోనే ఆడింది. వేలమంది చప్పట్లు కొట్టారు. కొట్టవలసిందే. కాని అదే చోట 2003లో మొదటి రౌండు ఓడి బయటికి వచ్చిన పదహారేళ్ళ పిల్లకు ఎవరో ఒకరు ‘వచ్చే ఏడు మళ్ళీ రా’ అని చెప్పి వుంటారు. మన ఊరి పిల్లలకు కావలసినది ఆ మాట. ఆ మాట చెప్పడానికి ముందుగా వారు ఆడుకునే నేల మీద నుంచి మన వడ్లు తీయాలి.

ఆ పిల్ల తల్లితో మరొకసారి మాట్లాడి వచ్చాను. ‘ఆలోచిస్తం తమ్మీ’ అన్నది. వచ్చే ఏటి పోటీలకు ఇంకా సమయం వుంది.